జబ్బవాపు పేరులోని ఆచార్యుడు

తొలకరి వానలు పడి పచ్చిక మొలచిన కొలది దినములకు, మందలో బాగుగ మేసి పుష్టిగ నున్న పడుచు దూడ యొకటి ఒక ఉదయమున కుంటుచు లేచును. ఒడలు కాలుచుండును. మేత ముట్టదు, నెమరు వేయదు. జబ్బపైగాని, తొడపైగాని, నడుముపైగాని వాపు పొంగును. ఆ వాపు మొదట వేడిగ నుండి, చేయి తగిలిన నొచ్చును. కొన్ని గంటలకు చల్లబడి నొప్పి నశించును. అప్పుడు వ్రేళ్లతో నొక్కినచో చర్మము క్రింద ఎండుటాకులు నలిగినట్లు చిటపటమను చప్పుడు వినవచ్చును. ఒకటి రెండు దినములలో పశువు మరణించును. ఆంగ్లమున బ్లాక్ క్వార్టర్ అనబడు ఈ వ్యాధిని తెలుగువారు జబ్బవాపు అందురు.

తెలుగునాటికి వెలుపల తరతరములుగ నివసించుచున్న తెలుగు కుటుంబములకు ఈ వ్యాధి ఒకే పేరుతో పరిచయము కాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు రైతు ఇంటిలో జబ్బవాపు అనును. ఊరిలో తమిళులు దానినే సప్పై నోయ్ అందురు. బళ్లారి, కోలారు వైపు కన్నడమున అది చప్పె రోగము. గంజాము, కొరాపుట్టు ప్రాంతములలో ఓఢ్రభాషలో చడచడియా. చంద్రపురము, గడచిరోలి వైపు మరాఠీలో ఫర్యా. ఈ పేర్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన వారికి ఒక విశేషము కనబడును. తెలుగువాని జబ్బ పశువు ముందరి భాగమును చూపుచున్నది. తమిళుని సప్పై తుంటివైపు, అనగా వెనుక భాగమును చూపుచున్నది. ఓఢ్రునికి ముందు వెనుకలతో పని లేదు. అతడు వాపును నొక్కినప్పుడు వచ్చు చప్పుడునే పేరుగ పెట్టుకొనెను.

వ్యాధి నిజముగ ముందరి భాగమునకును రావచ్చును, వెనుక భాగమునకును రావచ్చును. కండ పుష్టిగ నున్న చోట నెల్ల రాగలదు. కనుక ఏ భాషవాడైనను తన పేరును అక్షరాలా నమ్మి ఒక్కచోటనే తడవి చూచినచో మోసపోవును. జబ్బపై వాపు లేదు గనుక జబ్బవాపు కాదని ధైర్యము చెప్పుకొన్న ఇంట, తొడపై వచ్చిన వాపు దూడను తీసికొనిపోవును. వ్యాధి తొలిదశలోనే పెన్సిలిన్ ఇచ్చినగాని ఫలితముండదు. ఒక పూట ఆలస్యమునకు ఒక ప్రాణము వెల. పశువుల విషయమున భాషాపరిశీలన కేవలము పండితుల వినోదము కాదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

ఇన్ని దేశభాషానామములు ఉండగా, ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవికి మాత్రము ప్రపంచమంతట శాస్త్రజ్ఞులు ఒక్క పేరే వాడుదురు: క్లాస్ట్రిడియం షోవోయి. ఇందలి రెండవ పదము ఒక మనుష్యుని పేరు నుండి వచ్చినది. అతడు ఓగుస్త్ షోవో. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాములోని పెద్దతరము వారికి ఈ పేరును పలుకుటలో చిక్కు లేదు. తక్కినవారు దానిని ఆంగ్లాక్షరములను బట్టి చదివి నానావిధములుగ పలుకుచున్నారు. ఆ సూక్ష్మజీవిని కనుగొన్నవాడు షోవో కాడు. అతడు ఫ్రాన్సు దేశమున లియోన్ నగరపు పశువైద్య పాఠశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించిన ఆచార్యుడు. కళేబరములను కోసి చూపి పాఠము చెప్పిన గురువు పేరు, మన పెరటి దూడకు వచ్చు వ్యాధిలోనికి ఎట్లు వచ్చి చేరినదో తెలియవలెనన్న ఆ పాఠశాల పుట్టుకనుండి ఆరంభింపవలెను.

లియోన్ పాఠశాల 1762లో తెరవబడెను. ఈ విధమైన పాఠశాలలలో ప్రపంచమున అదియే మొదటిది. ఆ కాలమున ఐరోపాఖండమందు, మన రైతులు ముసరవ్యాధి అని పిలిచిన పశువుల మహామారి మందలకు మందలను తుడిచిపెట్టుచుండెను. పాఠశాలకు ప్రభుత్వాదరణ లభించుటకు అది ముఖ్యకారణము. కాని స్థాపకుడైన క్లోద్ బూర్జెలా మొదట న్యాయవాదియై, పిదప గుఱ్ఱపుస్వారి నేర్పు విద్యాలయమునకు అధిపతి యైనవాడు. అతడు ఎరిగిన జంతువు గుఱ్ఱము. ఎద్దుల చావును ఆపుటకై పుట్టిన బడిలో మొదటి పాఠము గుఱ్ఱము గురించినదే అయ్యెను.

ఇది బూర్జెలా ఒక్కని లోపము కాదు. ఇటలీలో కార్లో రూయినీ 1598లో ప్రకటించిన గొప్ప గ్రంథము గుఱ్ఱపు శరీరమును గూర్చినదే. 1791లో లండనులో వెలసిన పాఠశాల దృష్టియు గుఱ్ఱముపైననే నిలిచెను. మన దేశమునకు ఆంగ్లేయులు ఈ విద్యను తెచ్చినప్పుడు, 1862లో పూనాలో సైన్యము కొరకు పాఠశాలను పెట్టిరి. అశ్వదళమునకు కావలసినది గుఱ్ఱపు వైద్యుడే గదా. మన పూర్వుల మాట చూచినను భేదము కొంచెమే. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రమును, పాలకాప్యుని పేర గజశాస్త్రమును ప్రసిద్ధములైనవి. తెలుగున మనుమంచి భట్టు పద్యములలో చెప్పినదియు అశ్వలక్షణములనే. రాజు ఎక్కు జంతువునకు శాస్త్రము ముందు లభించినది. కాడి మోయు జంతువు దాని కొరకు చాలకాలము వేచియుండవలసి వచ్చినది.

షోవో 1827లో జన్మించెను. పారిస్ దగ్గరి ఆల్ఫోర్ పాఠశాలలో చదివి, ఇరువది యేండ్లు దాటీ దాటని వయస్సున లియోన్ పాఠశాలలో శవచ్ఛేదనశాల పనికి కుదురుకొనెను. అచ్చటనే ఆచార్యుడై, పిదప పాఠశాలకే అధ్యక్షుడై, 1886లో పారిస్‌కు పిలువబడువరకు ఇంచుమించు నలువది యేండ్లు లియోన్‌లోనే గడపెను. పారిస్‌లో ఫ్రాన్సు దేశపు పశువైద్య పాఠశాల లన్నిటికిని తనిఖీ అధికారియు, ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఆచార్యుడును అయ్యెను. 1917లో మరణించెను. ఉద్యోగచరిత్ర ఇంతియే. ఇందు చిత్రములైన మలుపులు లేవు. అతని నిజమైన చరిత్ర ఆ శవచ్ఛేదనశాల బల్లలపై నున్నది.

1857లో అతడు పెంపుడు జంతువుల తారతమ్య శరీరనిర్మాణమును గూర్చి బృహద్గ్రంథమును పూర్తిచేసెను. వయస్సు ముప్పది నిండలేదు. దానిని ఆంగ్లసైన్యమున పశువైద్యుడైన జార్జి ఫ్లెమింగ్ 1873లో ఆంగ్లమునకు అనువదించెను. ఆంగ్లమున ఈ విద్య నేర్చు దేశములన్నిటను ఆ అనువాదము చాలకాలము ముఖ్యాధారములలో ఒకటిగ నుండెను.

తారతమ్య మనగా ఏమి? ఒక జంతువును సంపూర్ణముగ నేర్చి, తక్కిన జంతువులను దానితో పోల్చి భేదములను గుర్తించుట. గుఱ్ఱమునకు ప్రక్కటెముకలు 18 జతలు, ఎద్దునకు 13 జతలు. గుఱ్ఱము ఒక్క వ్రేలిపై నడచును, ఎద్దు రెండు వ్రేళ్లపై నడచును. ఎద్దునకు పైదవడ ముందరి పండ్లు లేవు. వాని స్థానమున గట్టి చిగురు కలదు. గుఱ్ఱమునకు పిత్తాశయము లేదు, ఎద్దునకు కలదు. పెద్దయైన ఎద్దు గుండెలో చిన్న ఎముకలు కూడ నుండునని చెప్పిన క్రొత్త విద్యార్థి నమ్మడు. కోసి చూపిన పిదప మరువడు. ఇట్టివానిని గ్రంథమున చదివినచో బరువు. చేతితో తడవినచో తేలిక. అందుచేతనే ఎముకలను విద్యార్థి కన్నులు మూసికొని తడవి, ఇది కుడికాలిదా, ఎడమకాలిదా, గుఱ్ఱముదా, ఎద్దుదా అని చెప్పగలుగువరకు ఆచార్యులు విడువరు.

అన్నిటికంటె పెద్ద భేదము కడుపున నున్నది. గుఱ్ఱపు ఆమాశయము చిన్నది. 2 నుండి 4 గ్యాలన్లు పట్టును. ఎద్దు ఆమాశయము నాలుగు గదులది. మధ్యరకపు పశువులో నాలుగును కలిసి 30 నుండి 40 గ్యాలన్లు పట్టును. అందు మొదటిదైన రూమెన్ ఒక్కటే నూటికి 80 పాళ్లు ఆక్రమించి, ఉదరపు ఎడమభాగము నంతటిని ఇంచుమించు నింపివేయును. పచ్చిమేత మితిమీరి మేసి కడుపుబ్బిన పశువునకు వైద్యుడు ఎడమ డొక్కలోనే ఏల గ్రుచ్చి గాలి తీయునో ఈ ఒక్క సంగతి తెలిసిన వారికి తెలియును. రెండవ గదియైన రెటిక్యులం తేనెపట్టువలె గళ్లుగళ్లుగ నుండి, ముందునకు జరిగి, విభాజకపటలమున కానుకొని యుండును. ఆ పటలమునకు ఆవలివైపు గుండె. పశువు నమలక మ్రింగిన తీగముక్కయో, మేకో ఈ గదిలో దిగి, గోడను తొలచుకొని, పటలమును దాటి గుండె తిత్తిని చేరును. మేతలో మేకు కడుపు జబ్బు తెచ్చినదన్న రైతు నమ్మును. గుండెజబ్బు తెచ్చినదన్న నవ్వును. శవచ్ఛేదనశాలలో ఈ రెండింటి సామీప్యము చూచినవాడు మాత్రము నవ్వడు.

నెమరువేయుటకు సంస్కృతమున రోమంథమని పేరు. లాటిన్ భాషలో మొదటి గదికి రూమెన్ అని పేరు. ధ్వనిసామ్యము చెవికి ఇంపుగ నున్నది. చెవికి ఇంపైనంత మాత్రమున చుట్టరికము కలుపుట భాషాశాస్త్రమునకు ఒప్పదు గనుక ఆ విషయమును అంతటితో విడుచుట మేలు.

షోవో కేవలము కోసి చూపు గురువుగ నిలిచిపోలేదు. అవయవము ఎచ్చట నున్నదో తెలిసినవాడు అది ఏమి చేయుచున్నదో అడుగక మానడు. అతని పరిశోధనలన్నియు ఈ ప్రశ్ననుండియే మొలచినవి. 1861లో అతడును, ఎత్యెన్ జూల్ మారే అను వైద్యుడును కలిసి, నిలిచియున్న గుఱ్ఱపు మెడలోని సిరద్వారా సన్నని గొట్టమును గుండె కుడిగదులలోనికి పంపిరి. గొట్టపు కొనల నున్న రబ్బరు బుడగలు గుండె ముడుచుకొనినపుడు నొక్కబడి, ఆ ఒత్తిడిని తిరుగుచున్న కాగితముపై గీతలుగ వ్రాసెను. మెడలోని ధమని ద్వారా ఎడమ గదికిని గొట్టమును చేర్చిరి. గుఱ్ఱపు గుండె నిమిషమునకు ఇంచుమించు 30 నుండి 40 మారులు మాత్రమే కొట్టుకొనును గనుక గీతలు విడివిడిగ తెలిసినవి. రొమ్మునకు తగులు గుండెపోటు క్రిందిగది ముడుచుకొను క్షణముననే కలుగునని దీనివలన నిశ్చయమై, అప్పటి వైద్యుల పెద్ద వాదమొకటి తీరిపోయెను. మనుష్యుని గుండెలోనికి గొట్టము పంపు విద్యకు 1956లో నోబెల్ బహుమానము పొందిన ఆంద్రే కూర్నాన్ తన ఉపన్యాసమున ఈ ఇరువురి పనిని స్మరించెను.

మరియొక ప్రయోగమున శరీరనిర్మాణ పాండిత్యపు విలువ ఇంకను స్పష్టముగ తెలియును. కండరము పని చేయునపుడు రక్తములోని చక్కెర ఖర్చగునా అన్నది ప్రశ్న. దీనిని తేల్చుటకు ఒక్క కండరమునుండి మాత్రమే వచ్చు రక్తము కావలెను. షోవో, అతని సహచరుడు కౌఫ్‌మన్ గుఱ్ఱపు పైపెదవిని ఎత్తు కండరమును ఎన్నుకొనిరి. దానినుండి వెడలు సిర విడిగ చేతికి దొరకును. గుఱ్ఱమునకు ఓట్లు పెట్టినంతనే ఆ కండరము పని చేయును. నమలునపుడును, నమలనపుడును రక్తము తీసి పోల్చి, పనిచేయు కండరము ఎక్కువ చక్కెరను వాడుకొనునని 1880ల చివర చూపిరి. సిరల దారులు కంఠస్థమైన గురువునకు గాక వేరొకరికి ఈ పెదవి తోచియుండునా?

మశూచికమును గూర్చియు అతడు శ్రమించెను. మశూచికమును ఆవుకు అంటించినచో అది గోమసూరిగ మారునని కొందరు నమ్ముచుండిరి. 1865లో లియోన్ వైద్యసంఘము తరఫున షోవో జరిపిన ప్రయోగములు ఆ రెండును వేరని తేల్చెను. 1868లో టీకారసములోని స్వచ్ఛమైన ద్రవము నిరపాయకరమనియు, అందు తేలియాడు సూక్ష్మకణములే అంటును కలిగించుననియు చూపెను. సూక్ష్మజీవి సిద్ధాంతము ఇంకను స్థిరపడని దినములవి. ఆ సంవత్సరముననే క్షయసోకిన పదార్థమును మేతతో దూడలకు తినిపించి, ఆ వ్యాధి కడుపుద్వారా కూడ సంక్రమించునని నిరూపించెను. పాలను కాచి త్రాగవలెననుటకు గల కారణములలో ఈ మార్గము ముఖ్యమైనది.

ఈ ప్రయోగములను చదువునపుడు మనస్సు కలతచెందక మానదు. మత్తులేని గుఱ్ఱపు మెడలో గొట్టము దూర్చుట నేటి దృష్టికి కఠినమైన పని. మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రయోగములను పర్యవేక్షించు సంఘమునకు వీలు కల్పించినది. అది ఉచితమైన కట్టుబాటు. షోవో కాలమునకు ఆ కట్టుబాట్లు లేవని చెప్పుట సత్యము. అందుచేత ఆ గుఱ్ఱములకు బాధ లేకపోయెనని చెప్పుట అసత్యము. రెండింటిని కలిపియే అతని పనిని తూచవలెను.

ఇక జబ్బవాపు విషయము. ఫ్రాన్సులో నాడు రెండు వేరువేరు వ్యాధులు ఒకే పేరు క్రింద కలిసియుండెను. మనము నేడు దొమ్మ అని పిలుచునదియు, జబ్బవాపు అని పిలుచునదియు అచ్చటివారికి షార్బొన్ అనగా బొగ్గు వ్యాధియే. రెండింటను కళేబరమున నల్లదనము కనబడుటయే కారణము. ఈ రెండింటిని విడదీయు పనిలో లియోన్ వారి వంతు పెద్దది. షోవో శిష్యుడును, అతని పిదప పాఠశాలాధ్యక్షుడును, గురువు గ్రంథపు తరువాతి ముద్రణలలో సహకర్తయు నైన సతుర్నిన్ ఆర్లువాంగ్, ఆ పాఠశాలలోనే పనిచేసిన కోర్నెవాన్, పల్లెపట్టున పశువైద్యుడైన థోమా అను మువ్వురు కలిసి 1880 ప్రాంతమున జబ్బవాపు సూక్ష్మజీవిని వేరుచేసి వివరించిరి. చెడిన కండను ఎండబెట్టి, పొడిచేసి, వేడిచేసి దాని తీవ్రతను తగ్గించి టీకాగ తయారుచేసిరి. మొదట బలహీనమైనదియు, పిదప బలమైనదియు, రెండు మారులు వేయవలెను. వేయు స్థలము తోక చివర చర్మము క్రింద! వ్యాధి కోరునది మెత్తని పుష్టియైన కండ. తోకకొనలో నున్నది బిగువైన చర్మము, చల్లని ఒడలు. కండ లేనిచోట వేసిన విషము విజృంభింపలేదు. స్థలమును ఎరిగిన బడిలో పుట్టిన ఉపాయమిది. తాము కనుగొన్న జీవికి ఆ మువ్వురు తమ పేర్లు పెట్టుకొనలేదు; గురువు పేరు పెట్టిరి.

షోవో గ్రంథమునకు తరువాతి స్థానము అమెరికాలో లభించెను. ఇంగ్లండులో పుట్టి, కెనడాలో పశువైద్యము చదివి, ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున బోధించిన సెప్టిమస్ సిస్సన్ 1910లో నూతన గ్రంథమును ప్రకటించెను. పాత గ్రంథములలోని కొన్ని తప్పులు పిడుచగట్టి జారిపోయిన అవయవములను చూచి వ్రాయుటవలన వచ్చినవని అతని అభిప్రాయము. అందుచేత రక్తనాళములద్వారా ఫార్మలిన్‌ను ఎక్కించి, అవయవములు తమతమ తావులలోనే గట్టిపడిన పిదప కోసి వర్ణించెను. సిస్సన్ 1924లో మరణించెను. గ్రాస్‌మన్ 1938లోను, 1953లోను ఆ గ్రంథమును సంస్కరించెను. గెట్టి పేర 1975లో రెండు సంపుటములుగ వెలువడిన ముద్రణను సిద్ధపరచిన వారిలో ఘోషాల్ అను భారతీయనామమును కనబడును.

సిస్సన్ గ్రంథమునను ప్రధానస్థానము గుఱ్ఱముదే. ఎద్దు, పంది, కుక్క దాని తరువాత భేదములుగ వచ్చును. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో ఆరంభమై, 1936లో విశ్వవిద్యాలయమునకు అనుబంధమై పట్టపరీక్షలు నడపుట మొదలిడెను. 1953 వరకు తెలుగు జిల్లాలును ఆ రాష్ట్రముననే యుండెను గనుక తెలుగు విద్యార్థులును అచ్చటనే చదివిరి. ఆంధ్రరాష్ట్రము వచ్చిన పిదప 1955లో బాపట్లలో కళాశాల ఏర్పడి, అనతికాలముననే తిరుపతికి తరలెను. ఒంగోలు గిత్తలు పుట్టిన నేలపై గుఱ్ఱమును ముందుంచి వ్రాసిన గ్రంథముతో పాఠము! అందలి ఎద్దు కూడ ఐరోపా ఎద్దు. దానికి మూపురము లేదు. మన ఎద్దు మూపురము కేవలము క్రొవ్వుగడ్డ కాదు. అది రాంబాయిడస్ అను కండరము పెరిగి, క్రొవ్వుతో కలిసి ఏర్పడినది. భారత వ్యావసాయిక పరిశోధన మండలి 1964లో రాఘవన్ రచించిన ఎద్దు శరీరనిర్మాణ గ్రంథమును ఆంగ్లమున ప్రకటించెను. లియోన్ పాఠశాల తెరచిన 202 సంవత్సరములకు మన విద్యార్థి చేతికి ఎద్దును ముందుంచిన గ్రంథము వచ్చినది. నేడు మన కళాశాలలలో మొదట నేర్పునది ఎద్దు, గేదెల శరీరమునే.

గ్రంథము వచ్చినది కాని పదములు రాలేదు. శాస్త్రమున పదములు ఎట్లు కుదురునో చూడుడు. మానవశరీరమును గూర్చి ఒకే భాగమునకు పది పేర్లు ఏర్పడగా, 1895లో బాసెల్ నగరమున సుమారు 50,000 పేర్లను సుమారు 5,000లకు తగ్గించిరి. పశుశరీర నిపుణులు 1957లో అంతర్జాతీయ సంఘముగ ఏర్పడి, 1968లో తమ లాటిన్ పదావళిని ప్రకటించిరి. ఆ పదావళి వైద్యుడు వైద్యునితో మాటలాడుటకు. రైతుతో మాటలాడుటకు వేరొక పదావళి కావలెను. అది కొట్టములో నున్నది, బడిలో లేదు.

తెలుగున ఆ పదములకు కొరత లేదు. మూపురము, గంగడోలు, పొదుగు, డొక్క, జబ్బ, మోర, గిట్ట, డెక్క, గొరిజ. ఎల్లలు దాటి నివసించు తెలుగువారికి ఇందు రెట్టింపు సంపద కలదు. గంగడోలు అను మాటలో తోలు కలదని ఊహించుటకు, ప్రక్కింటి కన్నడిగుని గంగెదొగలు తోడ్పడును. కన్నడమున తొగలు అనగా చర్మమే. గొరిజకును కన్నడపు గొరసుకును పోలిక పైకే కనబడుచున్నది. పొదుగునకు కన్నడమున కెచ్చలు, తమిళమున మడి. మూపురమునకు తమిళమున తిమిల్. ఈ మాటలు ఒకదానితో నొకటి కలియవు; వానిని నేర్చికొనవలసినదే. గొంతువాపును తమిళులు తొండై అడైప్పాన్ అందురు. ఇరువురును గొంతునే చూపుచున్నారు గనుక అందు చిక్కు లేదు. గాలికుంటును కన్నడిగులు కాలుబాయి అందురు. కాలు, బాయి అనగా నోరు, రెండు తావులను చెప్పిన ఆ పేరు మన పేరుకంటె మేలైనది. మనది కుంటును మాత్రము చెప్పి నోటిపుండును విడిచినది.

సరిహద్దు గీతలు 1936లో ఒరిస్సా ఏర్పడినపుడును, 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడును మారినవి. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధన కల్పింపవలెనని రాజ్యాంగమున 350ఎ అధికరణము 1956లో చేరినది. తమిళనాట 2006 చట్టము పాఠశాలలలో తమిళమును విధియుక్తము చేసెను. తెలుగు ఇంటి బాలిక తమిళమును చక్కగ నేర్చుట ఆమెకు లాభమే. నష్టమెచ్చట ననగా, సప్పై అను మాటను పుస్తకమున చదివిన ఆ బాలిక, జబ్బ అను మాటను అవ్వ నోట విని, ఆ రెండును ఒకే వ్యాధికి రెండు తావులను చూపు పేర్లని తెలిసికొను అవకాశము ఏ తరగతిలోను లేకపోవుట. రేపు ఆమె పశువైద్యురాలై ఆంగ్లమున శాస్త్రము నేర్చి తిరిగివచ్చినను, అవ్వ చెప్పు లక్షణము ఆమెకు అందదు.

తెలుగు ఉపాధ్యాయులు ఈ పనికి శాస్త్రజ్ఞులు కానక్కరలేదు. ఎద్దు బొమ్మ యొకటి నల్లబల్లపై గీసి, ఒక్కొక్క భాగమునకు ఇంటిలో ఏమందురో పిల్లలచేత చెప్పించి, దాని ప్రక్కన రాష్ట్రభాషలోని మాటను వ్రాయించిన చాలును. రెండు పేర్లు కుదరనిచోట ఆగి, వ్రేలు పెట్టి చూపుమనవలెను. షోవో శవచ్ఛేదనశాలలో చేయించినది కూడ ఇదియే: పేరు చెప్పుము, తావు చూపుము.

జబ్బవాపు టీకా నేడును వానలకు ముందు, ఆరు మాసములు దాటిన దూడలకు వేయించవలసినది. ఇప్పుడది ఎండిన కండపొడి కాదు. సూక్ష్మజీవులను ఫార్మలిన్‌తో చంపి తయారుచేయునది. సిస్సన్ గుఱ్ఱములను గట్టిపరచిన ద్రవ్యమే ఇది. చచ్చిన పశువును కోయరాదు, తోలు తీయరాదు. దాని రక్తమునుండి నేలలో చేరు బీజములు ఏండ్ల తరబడి నశింపక నిలుచును. లోతుగ గొయ్యి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను. వాపును వెదకునపుడు జబ్బనే గాక తొడ, తుంటి, మెడ, నడుము అన్నియు తడవవలెను. చేతిక్రింద చడచడమన్నచో ఓఢ్రుడు పెట్టిన పేరును జ్ఞాపకము చేసికొని వెంటనే వైద్యుని పిలువవలెను.